వైరస్ వ్యాధులకు మూలికా వైద్యం

వైరస్ వ్యాధులకు మూలికా వైద్యం అనగా వైరస్‌ల వలన కలిగే జ్వరాలు, జలుబు, కామెర్లు, ఆటలమ్మ వంటి జబ్బులను ఆకులు, వేళ్ళు, బెరడులు, పసరులతో నయం చేయడానికి చేసే ప్రయత్నం. చైనాలో సంప్రదాయ వైద్యంగాను, భారతదేశంలో ఆయుర్వేదం, సిద్ధ, యునానీ పద్ధతులలోను, తెలుగు పల్లెలలో నాటువైద్యంగాను ఇది చిరకాలంగా వాడుకలో ఉన్నది. ఈ మందులు పనిచేస్తాయా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఏ మూలిక, ఏ వ్యాధికి, ఏ మోతాదులో, ఎవరితో పోల్చి చూశారు అన్నదానిని బట్టి జవాబు మారుతుంది. చైనాలోను, తెలుగునాట, పొరుగు ప్రాంతాలలోను జరిగిన కొన్ని పరిశీలనలను ఈ వ్యాసం వివరిస్తుంది.

వైరస్ వ్యాధుల స్వభావం

వైరస్ వ్యాధులలో చాలా భాగం వాటంతట అవే తగ్గిపోతాయి. సాధారణమైన జలుబు వారం, పది రోజులలో తగ్గుతుంది. ఆటలమ్మ పొక్కులు సుమారు పది రోజులలో ఎండిపోతాయి. హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌ల వలన వచ్చే కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాలలో మందు లేకుండానే తగ్గుతాయి. వీటిని తగ్గించేది శరీరంలోని రోగనిరోధక శక్తి.

ఈ స్వభావం వలననే మందుల విలువ కట్టడంలో చిక్కు వస్తుంది. జ్వరం వచ్చిన మూడవ నాడు కషాయం త్రాగి, ఆరవ నాటికి కోలుకున్న వ్యక్తి కషాయమే తనను కాపాడినదని నమ్ముతాడు. అతడు అబద్ధం చెప్పడం లేదు. అయితే కషాయం త్రాగకపోతే ఏమయ్యేదో అతడు చూడలేదు. ఆ రెండవ దృశ్యాన్ని చూడడానికి ఏర్పరచుకున్న మార్గమే పోల్చి చూసే పరీక్ష.

తెలుగునాట వాడుక

తెలుగు ప్రాంతాలలో వైరస్ వ్యాధులకు అనుసరించే సంప్రదాయ పద్ధతులలో ముఖ్యమైనవి:

* ఆటలమ్మ, తట్టు: వేపమండలను రోగి పక్కన ఉంచడం, తగ్గిన తరువాత వేపాకు వేసిన నీటితో స్నానం చేయించడం.
* జలుబు, జ్వరం: మిరియాలు, శొంఠి, తులసి, పసుపు, తిప్పతీగలతో కాచిన కషాయాలు.
* పచ్చకామెర్లు: నేల ఉసిరి పసరును మజ్జిగలో గాని పాలలో గాని కలిపి త్రాగించడం. కొన్నిచోట్ల కంటిలోనో ముక్కులోనో పసరు పోయడం, చేతిపై వాత పెట్టడం కూడా ఉన్నవి.
* కుక్కకాటు: పసరు త్రాగించడం, గాయంపై కట్టు కట్టడం.

వీటిలో మొదటి రెండు పద్ధతులు సాధారణంగా హానిలేనివి, రోగికి కొంత హాయిని కలిగించేవి. చివరి రెండు అటువంటివి కావు. కారణాలు క్రింద చూడవచ్చును.

నిదర్శనాల రకాలు

ఒక మూలిక పనిచేస్తుందని చెప్పడానికి చూపే ఆధారాలన్నీ ఒకే బలం కలవి కావు. బలహీనమైన వాటి నుండి బలమైన వాటి వరకు వరుసగా ఇలా చెప్పుకొనవచ్చును.

* గ్రంథ ప్రమాణం: ప్రాచీన గ్రంథంలో ఉన్నది అన్న ఆధారం. ఏ మూలికను పరీక్షించాలో చెప్పడానికి ఇది ఉపయోగపడుతుంది. వైరస్‌లు ఉన్నవని లోకానికి తెలిసినది 19వ శతాబ్దం చివర కనుక, ఆ గ్రంథాలలోని జ్వరాలను నేటి వ్యాధులతో సరిపోల్చడం కష్టం.
* వ్యక్తుల అనుభవం: వాడి బాగుపడినవారు చెప్పేది. కోలుకోనివారు సాధారణంగా వచ్చి చెప్పరు.
* ప్రయోగశాల పరీక్ష: గాజు పాత్రలో పెంచిన కణాలలో వైరస్ తగ్గినదని చూపడం. సబ్బునీరు కూడా గాజు పాత్రలో ఎన్నో వైరస్‌లను నశింపజేస్తుంది. త్రాగిన మూలిక జీర్ణమై, రక్తంలో చేరి, వైరస్ ఉన్నచోటికి తగిన మోతాదులో వెళ్ళాలి.
* జంతువులపై పరీక్ష: విషగుణం ఉన్నదా లేదా తెలుసుకొనడానికి ముఖ్యమైనది.
* క్లినికల్ ట్రయల్: రోగులను చీటీలు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు మందు, మరొక గుంపుకు చూడడానికి అలాగే ఉండి మందు లేని ప్లాసిబో ఇచ్చి పోల్చడం. ఎవరికి ఏది ఇచ్చారో రోగికి, వైద్యునికి తెలియకూడదు. పబ్లిక్ పరీక్షలలో జవాబు పత్రంపై విద్యార్థి పేరు కనబడకుండా సంకేత సంఖ్య వేసి దిద్దించడం వంటిదే ఇది. దిద్దేవాడు మంచివాడైనా పేరు తెలిస్తే చేయి కొంచెం అటో ఇటో మొగ్గుతుంది.
* సమీక్ష: ఒకే విషయంపై జరిగిన ట్రయల్స్ అన్నింటినీ చేర్చి, లోపాలు లెక్కించి తీర్పు చెప్పడం. కోక్రేన్ సంస్థ సమీక్షలు ఈ కోవకు చెందినవి.

చైనా మూలికా వైద్యం

మూలికా మందులపై ఎక్కువ సంఖ్యలో ట్రయల్స్ జరిగిన దేశాలలో చైనా ఒకటి. అక్కడి ఆసుపత్రులలో ఆధునిక వైద్యం, సంప్రదాయ వైద్యం రెండూ పక్కపక్కనే సాగుతాయి. అయినను ట్రయల్స్ సంఖ్యకు, వాటి నాణ్యతకు పొంతన కుదరలేదు. చైనా పత్రికలలో ప్రచురితమైన ట్రయల్స్‌పై 2009లో ఒక పరిశీలన వెలువడినది. రోగులను యాదృచ్ఛికంగా విభజించామని వ్రాసుకున్న 2235 వ్యాసాల రచయితలను పరిశోధకులు విచారించగా, 207 వ్యాసాలలో మాత్రమే ఆ పని సక్రమంగా జరిగినట్లు తేలినది. ఈ లోపం మూలికా వైద్యానికి మాత్రమే పరిమితం కాదు. ఆధునిక వైద్యానికి చెందిన ట్రయల్స్ కూడా ఆ లెక్కలో ఉన్నవి.

2003 నాటి సార్స్ వ్యాధిలో ఆధునిక చికిత్సకు చైనా మూలికలను జోడించి 640 మంది రోగులపై జరిపిన ట్రయల్స్‌ను కోక్రేన్ సంస్థ 2012లో సమీక్షించినది. మూలికలు చేర్చడం వలన మరణాలు తగ్గినట్లు కనబడలేదు. లక్షణాల విషయంలో కొంత మేలు ఉండవచ్చునని, ఆ నిదర్శనం బలహీనమని సమీక్షకులు వ్రాశారు.

2009 నాటి స్వైన్ ఫ్లూపై జరిగిన ఒక ట్రయల్ ఇంతకంటే మెరుగైనది. 410 మంది రోగులను నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకు ఒసెల్టామివిర్, ఒక గుంపుకు మూలికల కషాయం, ఒక గుంపుకు రెండూ ఇచ్చి, నాలుగవ గుంపుకు ఏదీ ఇవ్వలేదు. జ్వరం తగ్గడానికి పట్టిన మధ్యస్థ సమయం మందు లేని గుంపులో 26 గంటలు, ఒసెల్టామివిర్‌తో 20 గంటలు, కషాయంతో 16 గంటలు, రెండింటితో 15 గంటలు. 2011లో ప్రచురించిన ఈ ఫలితం ఆసక్తికరమైనదే. కానీ ప్లాసిబో వాడనందున తాము ఏమి త్రాగుతున్నామో రోగులకు తెలుసు.

కోవిడ్-19 కాలంలో లియాన్‌హువా చింగ్‌వెన్ అనే మిశ్రమంపై 284 మందితో జరిపిన ట్రయల్ 2020లో వెలువడినది. 14 రోజులలో లక్షణాలు తగ్గినవారు మందు తీసుకున్నవారిలో 91.5 శాతం, తీసుకోనివారిలో 82.4 శాతం. వ్యాధి తీవ్రమవడంలో గాని, వైరస్ శరీరం నుండి తొలగడంలో గాని చెప్పుకోదగిన తేడా రాలేదు. ఇందులో కూడా ప్లాసిబో లేదు. తరువాత ప్లాసిబోతో జరిపిన ట్రయల్ 2023లో ప్రచురితమై, తేలికపాటి రోగులలో లక్షణాలు తగ్గే మధ్యస్థ సమయం 6.7 రోజుల నుండి 4 రోజులకు తగ్గినట్లు చూపినది. లక్షణాలు త్వరగా తగ్గడం ఒక మేలు. ప్రాణం నిలపడం వేరొక మేలు. మొదటిది ఋజువైతే రెండవది ఋజువైనట్లు కాదు.

గాజు పాత్ర ఫలితాన్ని మందుగా పొరబడడానికి కూడా అదే కాలంలో ఉదాహరణ ఉన్నది. షువాంగ్‌హువాంగ్‌లియాన్ అనే ద్రవం కరోనా వైరస్‌ను అడ్డుకొనగలదని 2020 జనవరి 31న చైనా ప్రభుత్వ వార్తాసంస్థ ప్రకటించగానే ప్రజలు రాత్రికి రాత్రి మందుల దుకాణాల ముందు బారులు తీరారు. అప్పటికి దానిని కోవిడ్ రోగులపై పరీక్షించనేలేదు.

నేలవేము

నేలవేము చైనాకు, తెలుగునాటకు ఉమ్మడి మూలిక. దీని శాస్త్రీయ నామం ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. మిక్కిలి చేదుగా ఉండే ఈ మొక్కను చైనాలో చువాన్ షిన్ లియాన్ అంటారు. తమిళనాడులో దీనితో పాటు మరికొన్ని మూలికలు చేర్చి చేసే నిలవేంబు కుడినీర్‌ను చికున్‌గన్యా, డెంగ్యూ వ్యాపించిన సంవత్సరాలలో ప్రభుత్వమే ప్రజలకు పంచినది.

శ్వాసకోశ వ్యాధులలో నేలవేముపై జరిగిన 33 ట్రయల్స్‌ను, అనగా 7175 మంది రోగుల వివరాలను, 2017లో ఒక సమీక్ష పరిశీలించినది. దగ్గు, గొంతునొప్పి తగ్గడంలో మేలు కనబడినది. కానీ చాలా ట్రయల్స్ నాణ్యత తక్కువ కావడంతో మరింత పటిష్ఠమైన పరిశోధన కావాలని తేల్చారు.

థాయిలాండ్‌లో 2021లో జరిగిన సంఘటన లెక్కల ప్రాముఖ్యాన్ని తెలియజేస్తుంది. 57 మంది తేలికపాటి కోవిడ్ రోగులలో నేలవేము తీసుకున్న 29 మందిలో ఎవరికీ న్యుమోనియా రాలేదు. ప్లాసిబో తీసుకున్న 28 మందిలో ముగ్గురికి వచ్చినది. ఈ తేడా మందు వలననే వచ్చినదని మొదట వ్రాశారు. గణాంకాలలో పొరపాటు దొర్లినదని గుర్తించి పరిశోధకులే ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. సరిచూసిన లెక్క ప్రకారం అంతటి తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చును. తప్పును తామే ఒప్పుకొనడం శాస్త్ర పద్ధతికి ఉన్న బలం.

నేల ఉసిరి, కామెర్లు

కామెర్లు ఒక వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. హెపటైటిస్ వైరస్‌లు, మద్యపానం, పిత్తాశయంలో రాళ్ళు, కొన్ని మందులు, కాన్సర్ మొదలైన కారణాలతో ఇవి రావచ్చును. 2005లో హైదరాబాదు పాతబస్తీలో కలుషిత నీటి వలన హెపటైటిస్-ఇ వ్యాపించినది. ఆ రకం కామెర్లు చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి కనుక పసరు ఇచ్చేవారికి కీర్తి సులభంగా వస్తుంది. గర్భవతులకు మాత్రం అది ప్రాణాంతకం కావచ్చును. హెపటైటిస్-బి కొందరిలో దీర్ఘకాలం నిలిచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మద్రాసులో ఎస్.పి.త్యాగరాజన్ బృందం, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూచ్ బ్లూంబర్గ్‌తో కలసి, నేల ఉసిరిపై ప్లాసిబోతో ట్రయల్ జరిపి 1988లో లాన్సెట్ పత్రికలో ప్రచురించినది. 30 రోజులు మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనబడకుండా పోయినది. ప్లాసిబో తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగినది. భారతీయ మూలికా పరిశోధనలో ఇది పేరు పొందిన ఫలితం.

కానీ థాయిలాండ్, న్యూజిలాండ్ మొదలైన చోట్ల తిరిగి పరీక్షించినప్పుడు ఆ ఫలితం రాలేదు. మొక్క జాతి, పెరిగిన నేల, కోసిన కాలం వేరు కావడం కారణమని కొందరు వాదించారు. నేల ఉసిరి జాతి మొక్కలపై 1326 మంది రోగులతో జరిగిన 16 ట్రయల్స్‌ను 2011లో కోక్రేన్ సంస్థ సమీక్షించినది. వీటిలో ప్లాసిబోతో పోల్చినది ఒక్కటే. దానిలో మేలు కనబడలేదు. వైరస్ మందులతో కలిపి వాడిన ట్రయల్స్‌లో కొంత మేలు కనబడినా వాటి నాణ్యత నమ్మదగినంతగా లేదు. ఒక్క ట్రయల్ ఎంత గొప్పదైనా, మరొకచోట మరొకరు చేసినప్పుడు కూడా అదే ఫలితం రావాలి.

నేడు హెపటైటిస్-బి రాకుండా టీకా ఉన్నది. వచ్చిన తరువాత వైరస్‌ను అదుపులో ఉంచే మాత్రలు ఉన్నవి. హెపటైటిస్-సి చాలామందిలో కొన్ని వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. పసరుతో గడిపిన నెలలు ఈ చికిత్సలకు ఆలస్యం చేసిన నెలలు.

కృష్ణపట్నం మందు

2021లో కోవిడ్ రెండవ విడత తీవ్రంగా ఉన్నప్పుడు నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొణిగి ఆనందయ్య అనే నాటువైద్యుడు ఉచితంగా మందు పంచారు. తేనె, మిరియాలు, నల్లజీలకర్ర, దాల్చినచెక్క, వేపాకు, తెల్లజిల్లేడు పువ్వు మొదలైనవి అందులో వాడినట్లు ప్రకటించారు. కొన్ని లేహ్యాలతో పాటు ముళ్ళవంకాయతో చేసిన కంటి చుక్కలు కూడా ఇచ్చారు. ఆసుపత్రులలో పడకలు, ఆక్సిజన్ దొరకని రోజులు కావడంతో వేలాది మంది అక్కడికి తరలివచ్చారు. మే 21న పంపిణీ నిలిచిపోయినది.

కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి పరిశీలన తరువాత మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మందుకు అనుమతి ఇచ్చినది. హాని ఉన్నట్లు తేలలేదని, కోవిడ్‌ను నయం చేస్తుందన్న ఆధారం కూడా లేదని, వైద్యులు ఇచ్చిన మందులు మానరాదని తెలిపినది. జూన్ 7న పంపిణీ తిరిగి మొదలైనది. హానిలేదన్న మాటను చాలామంది పనిచేస్తుందన్న మాటగా అర్థం చేసుకున్నారు. ఈ రెండూ వేరు.

ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన కోవిడ్ కేసులలో మరణించినవారు 1 శాతం కంటే తక్కువ. కనుక ఏ మందు ఇచ్చినా, ఇవ్వకపోయినా, నూటికి 99 మంది బ్రతికేవారే. కంటి చుక్కలతో వెంటనే కోలుకున్నానని ఒక రోగి చెప్పిన దృశ్యం టీవీలలో విస్తృతంగా ప్రసారమైనది. తరువాత కొద్ది రోజులకే ఆయన ఆసుపత్రిలో మరణించారు. ఆయన కోలుకొనడం మందు పనిచేస్తుందనడానికి నిదర్శనం కానట్లే, ఆయన మరణం పనిచేయదనడానికి నిదర్శనం కాదు. మందు తీసుకున్నవారిని, తీసుకోనివారిని పోల్చినప్పుడే ఏదైనా చెప్పగలము. వేలాది మంది బారులు తీరిన ఆ రోజులలో అటువంటి పోలిక జరగలేదు.

కుక్కకాటు, నారాయణగూడ సంస్థ

పైన చెప్పిన వ్యాధులలో మూలిక పనిచేయకపోయినా ఎక్కువమంది కోలుకుంటారు. రేబిస్ అలా కాదు. లక్షణాలు కనబడిన తరువాత రేబిస్ నుండి బ్రతికి బయటపడినవారు ప్రపంచంలోనే వేళ్ళపై లెక్కించదగినంత మంది.

అయినా కుక్కకాటుకు పసరు ఇచ్చేవారికి మంచి పేరు ఎలా వస్తుంది? ఉదాహరణకు 100 మందిని కుక్కలు కరిచినవనుకొందాము. ఆ కుక్కలలో 95 ఆరోగ్యంగా ఉన్నవైతే, పసరు త్రాగినా త్రాగకపోయినా ఆ 95 మందికి రేబిస్ రాదు. వారందరూ పసరు మహిమను చెబుతారు. మిగిలినవారిలో వ్యాధి వచ్చేది సాధారణంగా ఒకటి నుండి మూడు నెలల తరువాత. అప్పటికి పసరు సంగతి ఎవరికీ గుర్తుండదు. వచ్చినవారు ఆ మాట చెప్పడానికి మిగలరు.

హైదరాబాదులో నారాయణగూడలోని నివారణ వైద్య సంస్థ కుక్కకాటు టీకాకు పేరు పొందినది. ఐ.పి.ఎం. అన్న పొడి అక్షరాలతోనే ప్రజలు దానిని పిలుస్తారు. చిక్కడపల్లి, అశోక్ నగర్, హిమాయత్ నగర్ పరిసరాల వారికి ఇది నడిచి వెళ్ళగలిగిన దూరం. సమీపంలోని నల్లకుంటలో అంటువ్యాధుల కొరకు ఫీవర్ ఆసుపత్రి ఉన్నది. పూర్వం రోగులను వేరుగా ఉంచే క్వారంటైన్ నుండి దీనికి కోరంటి ఆసుపత్రి అన్న పేరు వచ్చినది. లక్షణాలు బయటపడిన రేబిస్ రోగులను చేర్చేది ఇక్కడికే. కరిచిన రోజున నారాయణగూడకు వెళ్ళడానికి, నెలల తరువాత నల్లకుంటకు వెళ్ళడానికి మధ్య ఉన్న తేడా ప్రాణమంత.

కుక్క కరిచిన వెంటనే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీటితో కడగాలి. ఆలస్యం చేయక టీకా వేయించుకోవాలి. లోతైన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. గాయంపై పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టరాదు.

మూలిక నుండి మందు వరకు

మూలికలను తీసివేయడానికి వీలులేదని చెప్పడానికి కూడా చైనాయే మంచి ఉదాహరణ. మలేరియా కొరకు 1967లో ప్రారంభమైన పరిశోధనలో పాల్గొన్న తు యుయు, 4వ శతాబ్దపు గే హాంగ్ గ్రంథంలో మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కను నీటిలో నానబెట్టి పిండమని ఉన్న మాటను గమనించారు. వేడి చేస్తే గుణం పోతున్నదని ఊహించి, తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఈథర్‌తో సారాన్ని తీశారు. అదే ఆర్టెమిసినిన్ మందుకు దారితీసినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించినది. మలేరియా వైరస్ వ్యాధి కాదు, పరాన్నజీవి వ్యాధి. అయినా గ్రంథం దారి చూపగా పరీక్ష తీర్పు చెప్పడం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

వైరస్ వ్యాధులకు సంబంధించి మన వంటింటిలోనే ఒక ఉదాహరణ ఉన్నది. బిర్యానీలో వేసే అనాసపువ్వులో షికిమిక్ ఆమ్లం ఉంటుంది. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ తయారీకి ఇది ముడిపదార్థంగా ఉపయోగపడినది. అంతమాత్రాన అనాసపువ్వు నమిలితే ఫ్లూ తగ్గదు. ఆ ఆమ్లం అనేక రసాయన చర్యల తరువాతనే మందుగా మారుతుంది.

దుష్ఫలితాలు

ప్రకృతి సిద్ధమైనది కనుక హానిచేయదన్న నమ్మకం సరికాదు.

* 1990 దశకం మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన అనేకమంది మూత్రపిండాలు చెడిపోయినవి. ఒక మూలికకు బదులుగా అరిస్టోలోకియా జాతి మూలిక కలవడమే కారణం. ఆ జాతికి చెందిన గాడిదగడపాకు, ఈశ్వరి మొక్కలు మన నాటువైద్యంలో కూడా ఉన్నవి.
* కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబైలోను, తరువాత దేశంలోని 13 కేంద్రాల నుండి 43 మంది రోగుల వివరాలతోను వైద్యులు ప్రకటించారు. తిప్పతీగను పోలిన వేరొక తీగ కలిసి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభిప్రాయపడినది. ఏది నిజమైనా, తాను త్రాగుతున్నది ఏ తీగయో రోగికి తెలియకపోవడమే అసలు ప్రమాదం.
* కొన్ని నాటు మందులలో స్టెరాయిడ్లు, సీసం, పాదరసం వంటివి బయటపడిన సందర్భాలు ఉన్నవి.

సారాంశం

ప్రస్తుత నిదర్శనాల ప్రకారం కొన్ని మూలికలు జలుబు, ఫ్లూ, తేలికపాటి కోవిడ్ లక్షణాలను కొంత త్వరగా తగ్గించవచ్చును. ఏ మూలికా మందు కూడా ప్రమాదకరమైన వైరస్ వ్యాధిలో మరణాన్ని తప్పించినట్లు నమ్మదగిన ఋజువు లేదు. ఒక మూలికా మందు గురించి విన్నప్పుడు ఈ క్రింది ప్రశ్నలు అడగడం మంచిది.

* ఈ జబ్బు మందు లేకుండా ఎన్ని రోజులలో తగ్గుతుంది?
* మందు తీసుకోనివారితో పోల్చి చూశారా?
* ఎవరికి ఏమి ఇచ్చారో పరీక్షించినవారికి తెలుసా?
* మరొకచోట, మరొకరు చేసినప్పుడు అదే ఫలితం వచ్చినదా?
* ఇందులో ఏయే మూలికలు ఎంత మోతాదులో ఉన్నవి?
* దీనిని వాడుతూ ఆలస్యం చేస్తే ఋజువైన చికిత్స చేజారుతుందా?

చివరి ప్రశ్న అన్నింటికంటే ముఖ్యమైనది. జలుబుకు మిరియాల కషాయం త్రాగి నాలుగు రోజులు చూడవచ్చును. కుక్క కరిచినప్పుడు నాలుగు రోజులు చూడరాదు. ఊపిరి అందకపోవడం, తెలివి తప్పడం, మూత్రం తగ్గడం, రక్తస్రావం, కామెర్లతో పాటు మగత, గర్భవతికి కామెర్లు కనబడినప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవి కూడా చూడండి

* ఆయుర్వేదం
* నేలవేము
* నేల ఉసిరి
* తిప్పతీగ
* కామెర్లు
* రేబిస్
* నారాయణగూడ
* చిక్కడపల్లి